వాన పడితేనే భోజనం

పెంపుడు జంతువు అనగానే మనకి ముందు గుర్తొచ్చేది గిన్నె. కుక్కకో గిన్నె, పిల్లికో గిన్నె, చిలక పంజరంలో బుల్లి గిన్నె. ఆఖరికి చేపల తొట్టి పక్కన కూడా ఓ మేత డబ్బా ఉంటుంది. టైముకి గిన్నె నింపితే పెంచుతున్నట్టు, నింపకపోతే మాడుస్తున్నట్టు. ఈ లెక్క సలమాండర్ల దగ్గర పనిచెయ్యదు. అందులోనూ ఆరుబయట, చెట్టు నీడన, మట్టిలో కట్టిన ఆవరణలో ఉండేవాటి దగ్గర అస్సలు పనిచెయ్యదు. వాటికి గిన్నె లేదు, టైము లేదు, పిలిస్తే వచ్చే అలవాటు అంతకన్నా లేదు. వాన పడాలి. రాత్రవ్వాలి. చలి మరీ ఉండకూడదు, వేడి ఉండనే కూడదు. అప్పుడు బయటికొస్తాయి. ఆ సమయానికి మీ చేతిలో వానపాము ఉంటే తింటాయి. లేకపోతే తమ తిండి తామే వెతుక్కుని, తెల్లారేలోపు మళ్ళీ దుంగ కిందికి పోతాయి.

ఈ సంగతులు చెప్పే అర్హత నాకెక్కడిదంటే, గత రెండు నెలలుగా మా కింది వాటాలో ఉండే పెద్దాయన తాలూకు ఏడు సలమాండర్లకి నేనే వంటమనిషిని. నేనుండేది జర్మనీలో, స్టుట్‌గార్ట్ పక్కన కొండవాలు మీదున్న ఓ చిన్న ఊళ్ళో. పగలంతా కార్లలో నడిచే సాఫ్ట్‌వేర్ రాస్తాను. పెద్దాయనకి 79 ఏళ్ళు. ఆగస్టు చివర్లో ఆయనకి తుంటి ఎముక ఆపరేషన్. ఆ తర్వాత నడక నేర్పే కేంద్రంలో కొన్ని వారాలు. కూతురు బెర్లిన్‌లో ఉంటుంది. నెలకోసారి వస్తుంది గానీ వానపామంటే ఆవిడకి కంపరం. "మీ గదిలో అర్ధరాత్రి దాకా లైటు వెలుగుతుంది కదా, మీరైతే సరిపోతారు" అన్నారు పెద్దాయన నాతో. ఆ లైటు అమెరికా టీమ్‌తో కాల్స్ కోసం వెలుగుతుంది. అది ఆయనకి చెప్పలేదు. మూడేళ్ళ పరిచయంలో నన్ను ఆయన అడిగిన మొదటి సాయం అదే.

వీడియో కాల్లో చూసి మా అమ్మ "బల్లా?" అంది. మన దగ్గర చాలామంది అదే అంటారు, అందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. నాలుగు కాళ్ళు, పొడుగు తోక, నేలమీద పాకే తీరు అన్నీ బల్లివే. కానీ బల్లి ఒంటి మీద పొలుసులుంటాయి, ఎండ దానికి ఇష్టం. సలమాండర్ కప్పకి చుట్టం. చర్మం నున్నగా, తడిగా ఉంటుంది. ఆ తడి చర్మంతోనే చాలా వరకు ఊపిరి కూడా పీలుస్తుంది. ఎండిందంటే ప్రాణం పోయినట్టే. మన ఆంధ్రలో, తెలంగాణలో ఇలాంటి తోక కప్పలు ఒక్కటీ లేవు. మన దేశం మొత్తానికి డార్జిలింగ్ వైపు, ఈశాన్య కొండల్లో మాత్రమే కనిపిస్తాయి. అందుకే తెలుగులో దీనికి పేరు లేదు. పేరు లేనిదాన్ని అమ్మకి పరిచయం చెయ్యడం కష్టం. "మీద పడితే ఏ ఫలితమో పంచాంగంలో చూడాలి" అని ఆవిడ నవ్వేసింది.

ఇక్కడి జాతిని జర్మన్లు నిప్పు సలమాండర్ అంటారు. నిగనిగలాడే నల్లటి ఒంటి మీద పసుపు పట్టెలు, జానెడు పొడుగు. పూర్వం పొయ్యిలో కట్టె పెడితే అందులోంచి ఇది బయటికి పాకేదట. పుచ్చు దుంగల్లో దాక్కోవడం దాని అలవాటు, మంట తగలగానే పారిపోవడం దాని అవసరం. చూసినవాళ్ళు మాత్రం నిప్పులో పుట్టిందనుకున్నారు. ఆ పేరు అలా నిలిచిపోయింది. స్టుట్‌గార్ట్ పక్కనే కోర్న్‌వెస్ట్‌హైమ్‌లో పుట్టిన సలమాండర్ చెప్పుల కంపెనీకి గుర్తు కూడా ఇదే. లుర్చి అనే సలమాండర్ బొమ్మల కథల పుస్తకాలు 1937 నుంచి చెప్పుల కొట్లలో పిల్లలకి పంచుతున్నారు. పెద్దాయనకి వీటిమీద ఇష్టం మొదలైంది ఆ పుస్తకాలతోనే అట. పల్లెల్లో దీనికి ఇంకో పేరుంది, వాన మనిషి అనే అర్థం వచ్చేది. నాకు అదే నచ్చింది. మనకి ఆరుద్ర కార్తెలో తొలి వాన పడగానే ఎర్రటి మఖమల్ ముక్కల్లా ఆరుద్ర పురుగులు చేలల్లోకి వచ్చేస్తాయి కదా, అలా ఇది వానతో వస్తుంది. వచ్చి వానపాముని తింటుంది. వాన మనిషికి వానపాము భోజనం. ఈ మాట జర్మన్‌లో చెప్తే పండదు, మనకైతే పండుతుంది.

ఆపరేషన్‌కి వారం ముందు పెద్దాయన నాకు కేటీ ఇచ్చారు. ప్రాజెక్టు మారుతున్నప్పుడు పాతవాడు కొత్తవాడికి పని అప్పగించే నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ అన్నమాట. మా ఆఫీసులో రెండు గంటల కేటీలో గంటన్నర స్క్రీన్ కనిపిస్తోందా అనడంతోనే పోతుంది. ఈయన కేటీ మూడు సాయంత్రాలు నడిచింది. మొదటి సాయంత్రమంతా తిండి మాటే ఎత్తలేదు. ఆవరణ చూపించారు.

ఇంటికి ఉత్తరాన, ఎండ నేరుగా పడని చోట, సుమారు మూడు మీటర్లు పొడుగు, రెండు మీటర్లు వెడల్పు. చుట్టూ నున్నటి పలకలు, నేలలోకి మోచేతి లోతు దించి కట్టారు. లేకపోతే కిందనుంచి ఎలక తవ్వుకుని వస్తుంది. పలకల పై అంచు లోపలికి వంగి ఉంటుంది, తడి గోడల మీద సలమాండర్ బాగా ఎక్కగలదు కాబట్టి. పైన జల్లెడ తలుపు, పిల్లుల కోసం, కాకుల కోసం, ముళ్ళపందుల కోసం. లోపల ఓ మూల రాళ్ళు, దుంగలు గుట్టగా పేర్చి, ఆ గుట్ట కిందికి 80 సెంటీమీటర్ల లోతున గొయ్యి తవ్వి వదులుగా నింపారు. ఇక్కడ చలికాలం మంచు అంత లోతు దాకా దిగొచ్చని ఇళ్ళ పునాదులు కూడా ఆ లెక్కనే తవ్వుతారు. అదే వీటి శీతాకాలపు గది. ఇంకో మూల వాననీళ్ళు నిలిచే లోతులేని పళ్ళెం. మిగతాదంతా ఆకులు. బీచ్ చెట్టు ఆకులు, మేపుల్ ఆకులు, ఓ జానెడు మందాన.

"తిండి ఇక్కడుంది" అని ఆ ఆకుల్ని చేత్తో పక్కకి తీసి చూపించారు పెద్దాయన. కింద పొర నల్లగా, మెత్తగా, అడవి వాసనేస్తోంది. అందులో కళ్ళకి ఆననంత తెల్లటి పురుగులు గెంతుతున్నాయి. అసెల్ అని ఇక్కడివాళ్ళు పిలిచే బూడిదరంగు పురుగులు పరుగెత్తుతున్నాయి, రాయి ఎత్తితే మన పెరట్లో కూడా కనిపించే రకమే. చిన్న వానపాములు, వేలిగోరంత నత్తలు. ఆకులు కుళ్ళుతుంటే ఇవి పెరుగుతాయి, ఇవి పెరుగుతుంటే సలమాండర్లు తింటాయి. మనిషి చెయ్యాల్సిన పని ఏటా శరదృతువులో కొత్త ఆకులు పొయ్యడం, ఎండాకాలంలో తడి ఆరిపోకుండా చూడటం. అంటే మేత సలమాండర్లకి కాదు, మట్టికి వెయ్యాలి. మా తాతయ్య పెంటకుప్ప మీద చూపించే శ్రద్ధ గుర్తొచ్చింది. ఎడ్లు అమ్మేసిన తర్వాత కూడా ఊళ్ళో ఎవరి పశువులశాల ముందు పేడ కనిపించినా తట్టలో ఎత్తుకొచ్చేవాడు. మేం నవ్వేవాళ్ళం. ఆయన బతికుంటే ఈ పెద్దాయనతో భాష రాకపోయినా రెండు గంటలు మాట్లాడేవాడు.

రెండో సాయంత్రం అసలు మెనూ. చేత్తో పెట్టేదాంట్లో మొదటి స్థానం వానపాముది. మెత్తగా ఉంటుంది, సున్నం శాతం మిగతా పురుగుల కన్నా నయం, మిగిలిపోతే మట్టిలోకి దూరి మట్టికే మేలు చేస్తుంది. అయితే అన్ని వానపాములూ పనికిరావు. మన ఊళ్ళలో వర్మీకంపోస్టు తొట్టెల్లో పెంచే ఎర్రచారల వానపాము ఉంది చూడండి, ప్రపంచమంతా ఎరువు చేసిపెట్టే గొప్ప పనిమంతురాలు, అది సలమాండర్ నోట్లో పెడితే ఉమ్మేస్తుంది. నొక్కగానే ఆ వానపాము ఒంట్లోంచి పచ్చటి కంపు ద్రవం వస్తుంది. దాని శాస్త్రీయ నామంలోనే ఫెటిడా అని ఉంది, కంపుకొట్టేది అని అర్థం. ఇంటర్నెట్‌లో వీడియో చూసి కంపోస్టు బుట్టలోంచి గుప్పెడు తీసి వేసే కొత్తవాళ్ళు చాలామంది, అది తిననంటోంది, జబ్బు చేసిందేమో అని హైరానా పడతారు. జబ్బేం లేదు. కూర చేదు, అంతే.

తినేవి రెండు రకాలు. ఒకటి గాలం సామాన్ల కొట్లో మట్టి నింపిన డబ్బాల్లో దొరికేది. రెండోది మన పచ్చికలోనే రాత్రిపూట బయటికొచ్చే పెద్ద వానపాము. ఈ రెండోదాన్ని పట్టడం ఓ విద్య. అడుగు చప్పుడుకే లోపలికి లాక్కుంటుంది. టార్చికి ఎర్ర కాగితం చుట్టి, చెప్పులు విప్పి, పిల్లిలా నడవాలి. సగం ఒళ్ళు బయట, సగం బొరియలో ఉంటుంది. పట్టుకుని గుంజితే తెగుతుంది, ఊరికే పట్టుకుని నిలబడితే కాసేపటికి అదే పట్టు వదులుతుంది. చిన్నప్పుడు కాలవగట్టున చేపల కోసం ఎర్రలు తవ్వినవాళ్ళకి ఇదేం కొత్త కాదు. కానీ అక్కడ పార పట్టుకుని తవ్వేశాం, ఇక్కడ ఒంటికాలి మీద ధ్యానం. దీనిమీద మా అమ్మ వ్యాఖ్య: "సంబంధం వాళ్ళు అబ్బాయి ఏం చేస్తుంటాడని అడిగితే రాత్రిళ్ళు వానపాములు పడతాడని చెప్పాలా?"

గుల్ల లేని చిన్న బూడిదరంగు నత్తలు కూడా వీటికి ఇష్టమే. అయితే పక్క తోటలవాళ్ళు ఎవరైనా నత్తల మందు చల్లారా అన్నది తెలియకుండా ఒక్కటి కూడా వెయ్యకూడదు. మందు తిన్న నత్త చచ్చేలోపు కొంత దూరం పాకగలదు. పెద్దాయన మూడు పక్కిళ్ళ వాళ్ళనీ ఏటా మార్చిలో కేక్ పట్టుకెళ్ళి మరీ అడుగుతారట, ఈ ఏడు మందు చల్లుతున్నారా అని. పెంపుడు జంతువుల కొట్లో దొరికే కీచురాళ్ళు ఎండాకాలపు సరుకు. చలి రాత్రి అవి కొయ్యబారిపోతాయి, కదలనిదాన్ని సలమాండర్ పెద్దగా పట్టించుకోదు. వెచ్చగా ఉన్నప్పుడు వేస్తే సున్నం పొడి అద్ది, లెక్కపెట్టి వెయ్యాలి. మిగిలిపోయిన కీచురాయి ఊరికే ఉండక, నిద్రపోయే సలమాండర్ చర్మాన్నే కొరకొచ్చు. మీల్‌వర్మ్‌ల సంగతి ఆయన అడగనివ్వలేదు. "అవి చిప్స్" అన్నారు.

పెట్టే పద్ధతి కూడా చెప్పాలి. చెక్క పటకారుతో వానపాముని పట్టుకుని, సలమాండర్ మూతికి రెండంగుళాల దూరంలో నేలమీద మెల్లగా కదిలించాలి. అది ఆగుతుంది. తల పక్కకి వంచి చూస్తుంది. ఆ చూపు ఎంతసేపుంటుందో చెప్పలేం. ఒక్కోసారి నాకు రెండు మెయిళ్ళు చదివేంత టైము దొరికింది. ఇక తినదులే అనుకునేసరికి ఒక్క దూకుడు. సగం నోట్లో, సగం బయట. ముందరికాళ్ళతో మట్టిని తన్నిపట్టి, కళ్ళు గట్టిగా మూసుకుని, మెలితిప్పుతూ మింగుతుంది. ఇడ్లీ గొంతుకి అడ్డంపడిన పిల్లాడి మొహంలా ఉంటుంది. చూస్తూ ఉండాల్సిన విషయం ఒకటే, రెండు సలమాండర్లు ఒకే వానపాముని రెండు కొసల నుంచీ అందుకోకూడదు. పట్టు వదిలే స్వభావం రెంటికీ లేదు, మధ్యలో ఎవరి కాలున్నా నోట్లోకి పోతుంది. కాబట్టి బంతి భోజనాలు లేవు. విడివిడిగా, దూరం దూరంగా. చేత్తో ముట్టుకోవడం కూడా లేదు. కళ్ళ వెనక గ్రంథుల్లో, వీపు వెంబడి విషం ఉంటుంది. మనకి ప్రాణం మీదికి రాదు గానీ కంటికి తగిలితే బాగా మండుతుంది. మన చేతి ఉప్పు, వేడి దానికి అంతకన్నా ఇబ్బంది. తప్పనిసరైతే తడిపిన గ్లవ్స్.

ఎంత పెట్టాలి? నోట్‌బుక్‌లో ఉంది. మూడో సాయంత్రం నా చేతిలో పెట్టింది అదే. నల్ల అట్ట, చదరాల కాగితం, పాతికేళ్ళకి పైబడిన లెక్క. ముందు పేజీల్లో ఒక్కో సలమాండర్ వీపు బొమ్మ. పట్టెల తీరు ఏ రెంటికీ ఒకేలా ఉండదు, మన వేలిముద్రల్లాగే, పెద్దయ్యాక పెద్దగా మారదు కూడా. ఆయన నంబర్లు పెట్టారు. నేను తెలుగు అక్షరాలు చూశాను. మూడో నంబరు నడుం మీద మచ్చ అచ్చం బండి ర. ఆరో నంబరు మెడ దగ్గర తలకట్టు. నాలుగో నంబరు తోక మొదట్లో ళ. తర్వాతి పేజీల్లో తేదీ, ఉష్ణోగ్రత, వాన, ఎవరు బయటికొచ్చారు, ఎవరేం తిన్నారు. పేజీలకి పేజీలు చివరి గడిలో ఒక్క అడ్డగీత. అంటే పెట్టలేదు. మంచి కాలంలో వారానికి ఒక్కోదానికి ఒకటో రెండో వానపాములు. అది కూడా బయట కనపడితేనే. దుంగ ఎత్తి, నిద్రలేపి, మూతి దగ్గర పెట్టడం నిషేధం.

సెప్టెంబరు మొదట్లో వేడి. మా ఊరు కొండమీద కాబట్టి నయం, కింద స్టుట్‌గార్ట్ గిన్నెలో అడుగంటిన పాయసంలా ఉంది. బయట 31 డిగ్రీలు. పెద్దాయన దుంగ కింద పెట్టిన థర్మామీటరు మాత్రం 18 చూపిస్తోంది, ఆకుల మందం, ఉత్తరపు నీడ చలవ. నా వంతు పని రోజూ సంధ్యవేళ వాననీళ్ళ పీపాలోంచి డబ్బాతో తడపడం. పదిరోజులైంది, ఒక్కటీ బయటికి రాలేదు. పద్నాలుగు రోజులైంది. గాలం కొట్టు డబ్బాలో వానపాములు ఫ్రిజ్‌లో కింది అరలో, కొత్తిమీర పక్కన, అలాగే ఉన్నాయి. ఈ కొత్తిమీర సంగతి అమ్మకి తెలియదు, ఇది చదివాక తెలుస్తుంది.

ఇక్కడే మన పెంపకం అడ్డం వస్తుంది. మా ఇంట్లో ప్రేమంటే కొసరి వడ్డించడం. చాలు అన్నవాడికి ఇంకో గరిటె పడాల్సిందే. విస్తట్లో చెయ్యి అడ్డం పెట్టేవాడు మొహమాటస్తుడు, పెట్టనివాడు ఆకలిమీదున్నవాడు. అసలు ఇంకో ఆప్షనే లేదు. "పద్నాలుగు రోజులు పస్తు పెట్టావా? పాపం తగుల్తుంది రా" అంది అమ్మ. ఆవిడ మాట కొట్టిపారేసేది కాదు. మన కళ్ళకి కనపడని ఆకలి గురించి ఆవిడకి ఎప్పుడూ బెంగే. కానీ సలమాండర్ ఒంటి లెక్క వేరు. దానికి ఒళ్ళు వెచ్చగా ఉంచుకునే ఖర్చు లేదు. కదలకుండా పడుకుంటే ఓ వానపాము బలంతో వారాలు గడుపుతుంది. ఎండల్లో అది ఒదిగి ఉండేది ఆకలేక కాదు, తడి కాపాడుకోవడానికి. అప్పుడు బలవంతంగా తినిపిస్తే అరగదు. పెంపకంలో ఇవి ఆకలితో పోవడం కన్నా కొవ్వెక్కి జబ్బుపడటమే ఎక్కువ. ఇంటిలోపల అద్దాల పెట్టెల్లో పెంచేవాళ్ళ దగ్గర మరీను. చూడ్డానికి బావుంటుందని వారంలో నాలుగుసార్లు పెట్టి, తోక అరటికాయలా అయ్యేదాకా మేపుతారు. నోట్‌బుక్‌లో మూడో నంబరు బరువు పోయినేడు వసంతంలో 31 గ్రాములు, శరత్తులో 33. పాతికేళ్ళలో పెద్ద తేడా లేదు. నన్నూ మా అన్నయ్యనీ ఇలా ఎవరైనా పెంచి ఉంటే బావుండేది.

పందొమ్మిదో రోజు రాత్రి వాన. సన్నగా మొదలై, పదకొండింటికి బాగా పట్టుకుంది. కాల్ మ్యూట్‌లో పెట్టి గొడుగేసుకుని కిందికెళ్ళాను. 14 డిగ్రీలు. ఆకుల మీద నల్లగా, తళతళమంటూ ఐదు. పస్తులున్న వాలకం ఒక్కదానికీ లేదు. పొట్టలు గుండ్రంగానే ఉన్నాయి, దుంగ కింద ఏవో దొరికినట్టే ఉన్నాయి. నాలుగు తిన్నాయి. బండి ర నా పటకారు వంక చూసి, పక్కనున్న చిన్న నత్తని నాలుకతో అందుకుని వెళ్ళిపోయింది. ఆ వారం మరో వానకి ఆరోది కనపడింది. నాలుగో నంబరు, తోక దగ్గర ళ ఉన్నది, రాలేదు. అక్టోబరు 17 దాకా రాలేదు. పెద్దాయనకి వారానికోసారి ఫోన్ చేసేవాణ్ణి. ప్రతిసారీ చివర్న "నాలుగు?" అని అడిగేవారు. లేదు అంటే "ఉంటుంది లెండి" అనేవారు. దుంగలెత్తి వెతకమని ఒక్కసారి కూడా అనలేదు. అది ఆయన దగ్గరున్నవాటిలో పెద్దది. 26 ఏళ్ళు.

తిండి గురించి రాస్తూ, వీటిని తినేదాని గురించి రాయకపోతే సగమే చెప్పినట్టు. 2013లో బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు, సహచరులు ఓ కొత్త శిలీంధ్రాన్ని గుర్తించారు. దానికి పెట్టిన పేరులో సలమాండ్రివోరాన్స్ అని ఉంది, సలమాండర్లని మింగేది అని అర్థం. క్లుప్తంగా బీసాల్ అంటారు. ఆసియా నుంచి, పెంపుడు జంతువుల వ్యాపారంతో యూరప్ చేరి ఉంటుందని అంచనా. నెదర్లాండ్స్ దక్షిణాన బుండెర్‌బోస్ అనే అడవిలో 2010 నుంచి 2013 లోపు నిప్పు సలమాండర్లు నూటికి 96 పోయాయి. మిగిలిన కొన్నింటిని పట్టి మనుషుల సంరక్షణలో ఉంచాల్సి వచ్చింది. ఆ తర్వాత జర్మనీలోనూ ఐఫెల్ కొండల్లో, ఎస్సెన్ చుట్టుపక్కల, 2020లో బవేరియాలో బయటపడింది. చర్మం మీద చిన్న చిన్న గుంటలు పడతాయి. చర్మంతో ఊపిరి పీల్చేదానికి చర్మం పోతే ఏముంటుంది? కొద్ది రోజుల్లోనే చచ్చిపోతుంది. కొన్ని రకాల కప్పలు, న్యూట్‌లు మాత్రం జబ్బుపడకుండా దాన్ని మోసుకు తిరుగుతాయి.

ఇప్పుడు అర్థమైందిగా, పెద్దాయన ఆకుల్ని ఎందుకు సొంత పెరటి చెట్ల నుంచే తెచ్చుకుంటారో. కూతవేటు దూరంలో అడవి ఉంది, అందులో బస్తాలకొద్దీ బీచ్ ఆకులు ఊరికే పడున్నాయి. అయినా ఒక్కటి తీసుకురారు. అడవి ఆకు, అడవి మట్టి, అడవి వాగు నీళ్ళు, అడవి నత్త, ఏదీ ఆవరణలోకి రాకూడదు. అక్కడ తిరిగిన బూట్లు కూడా రాకూడదు. వీటికంటూ వేరే బూట్లు, గుమ్మం పక్కన మేకుకి తగిలించి. అటునుంచి ఇటు ఎంతో, ఇటునుంచి అటూ అంతే. పళ్ళెం కడిగిన నీళ్ళు వాగులో కలిసే కాలవలో పొయ్యకూడదు. కొత్త జంతువుని తెస్తే విడిగా ఉంచి, చర్మం మీద దూదిపుల్లతో నమూనా తీసి ల్యాబ్ పరీక్ష చేయించాకే మిగతావాటితో కలపాలి. తమాషా ఏంటంటే, ఈ శిలీంధ్రానికి వేడి పడదు. 25 డిగ్రీల్లో పదిరోజులుంచితే జబ్బు పోతుందని 2015లో ప్రయోగం చేసి చూపించారు. సలమాండర్ దేనికి భయపడి దుంగ కింద దాక్కుంటుందో అదే దాని మందు. అయితే అది వెటర్నరీ డాక్టర్ చూస్తుండగా చెయ్యాల్సిన పని. అడవికి ఆ వైద్యం చెయ్యలేం.

అమెరికాలో ఉన్న పాఠకులకి ఒక మాట. అక్కడ అడవుల్లో సలమాండర్ల రకాలు ప్రపంచంలో ఇంకెక్కడా లేనన్ని ఉన్నాయి. ఈ భయంతోనే 2016 జనవరిలో అక్కడి ప్రభుత్వం 201 రకాల సలమాండర్ల దిగుమతి మీద ఆంక్ష పెట్టింది. పిల్లాడు ముచ్చటపడ్డాడని వెనకాల అడవిలో రాయి కింద దొరికినదాన్ని సీసాలో పెట్టి ఇంటికి తీసుకురావడం, నెల తర్వాత విసుగొచ్చి తిరిగి అడవిలో వదలడం, ఈ రెండోది మొదటిదానికన్నా ప్రమాదం. జర్మనీలో అయితే అడవి నుంచి తేవడమే చట్టరీత్యా నేరం. పెంపకంలో పుట్టినవాటిని మాత్రమే, పుట్టుక కాగితాలతో ఉంచుకోవచ్చు. పెద్దాయన ఏడింటికీ కాగితాలున్నాయి. మా వీసా కన్నా పద్ధతిగా ఫైల్ చేసి ఉన్నాయి.

ఆ ఫైల్ దగ్గరే అసలు చిక్కు. ఇవి ఎక్కువకాలం బతికే జీవాలు. ఇరవై ఏళ్ళు మామూలు, బాన్‌లోని కోనిగ్ మ్యూజియంలో ఒకటి 50 ఏళ్ళు దాటి బతికింది. పెద్దాయనకి వచ్చే ఏడు 80. ఏడింటిలో చిన్నవాటికి ఎనిమిదేళ్ళు. అడవిలో వదలడానికి లేదు, ఎందుకో పైన చెప్పాను. కూతురుది మూడో అంతస్తు ఫ్లాట్. అక్టోబరు చివర్లో పెద్దాయన వాకర్ పట్టుకుని ఇంటికొచ్చారు. నోట్‌బుక్ ఇచ్చేశాను. 17వ తేదీ పేజీ దగ్గర చాలాసేపు ఆగారు. ఆ రాత్రి 9 డిగ్రీలు, రోజంతా ముసురు, రాళ్ళ గుట్ట చీలికలోంచి సగం ఒళ్ళు బయటపెట్టి, ళ. నా పటకారు నుంచి ఒక వానపాము, మొత్తం. నేను రాసింది అంతే. ఆయన ఆ గడి మీద వేలు పెట్టుకుని, వీటిని మీరు తీసుకుంటారా అని అడిగారు.

వెంటనే అవునని చెప్పలేదు. ఇదేమీ ఇంకో గరిటె వడ్డించడం లాంటిది కాదు. నా కాంట్రాక్టు ఇంకో రెండేళ్ళు, ఇల్లు అద్దెది, పెరడు ఆయనది. అమ్మానాన్నలకి వయసు మీదపడుతోంది, ఏదో రోజు తిరిగి వెళ్ళాలనే ఉంది. హైదరాబాద్ ఎండలో ఇవి ఒక్క మే నెల కూడా ఆగవు. తీసుకెళ్ళే ఆలోచన కూడా చెయ్యకూడదు. ఇవన్నీ ఆయనకి చెప్పాను. ఆయన బాధపడలేదు, పెన్ను తీశారు. కుదిరిన ఒప్పందం ఇది. ఆవరణ, జంతువులు ఆయన పేరునే ఉంటాయి, నేనున్నన్నాళ్ళూ పని నాది. ఈలోపు స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల ఉభయచరాలు పెంచేవాళ్ళ సంఘంలో ఇద్దర్ని చూసి మాట్లాడాలి, వాళ్ళ దగ్గరున్న జంతువుల పరీక్షల కాగితాలు అడగాలి. నాలుగో నంబరు మాత్రం కదలదు. ఆ వయసులో చోటు మార్చకూడదంటారు పెద్దాయన. అది సలమాండర్ గురించే అన్నారనుకుంటున్నాను.

ఇప్పుడు నవంబరు. నిన్న రాత్రి 3 డిగ్రీలు. ఎవరూ బయటికి రాలేదు, రారు కూడా. ఈ చలిలో పొట్ట నింపుకుని పడుకుంటే లోపలిది అరక్క కుళ్ళుతుందని వాటికి మనం చెప్పక్కర్లేదు. ఫ్రిజ్‌లో మిగిలిన వానపాముల్ని పచ్చికలో వదిలేశాను. ఫిబ్రవరి చివరి వానల దాకా పెట్టేదేం లేదు, నోట్‌బుక్‌లో అడ్డగీతలే. పెరట్లో మేపుల్ మొత్తం రాలింది, బీచ్ ఇంకా సగం రాలాలి. ఈ ఆదివారం రెండు బస్తాలు ఎత్తి ఆవరణలో పొయ్యాలి. పెద్దాయన కుర్చీ వేసుకుని చూస్తానన్నారు.